తప్పంతా కొన్నోళ్ళదే

కంపెనీలు మంచియే, ఖరాబ్ అయింది కొనేటోళ్ళు. ఈ మాట నేను పూర్తి బాధ్యతతోని చెప్తున్న. కూలర్ షాక్ కొట్టిందా, నీ చేతులు తడిగున్నయ్. మిక్సీ కాలిందా, వోల్టేజ్ సరిగ లేదు. వోల్టేజ్ మంచిగనే ఉండెనంటవా, అయితే పచ్చడి గట్టిగున్నది. హనుమకొండల ఒక సర్వీస్ సెంటర్ పిలగాడైతే మా మిక్సీ స్క్రూ ఇప్పకముందే కార్డు మీద 'కస్టమర్ మిస్‌యూజ్' అని రాసిండు, అనుభవమంటే గట్లుండాలె.

అసలీ లొల్లి పెద్దగయింది స్కాట్లాండ్ నత్తతోని. 1928ల పెయిస్లీల ఒకామె, దోస్తు కొనిచ్చిన జింజర్ బీర్ తాగుతుంటె సీసాలకెళ్ళి కుళ్ళిన నత్త పడ్డదని కేసేసింది. సీసా కొన్నది నువ్వు కాదు గదా, మాకూ నీకూ ఏం ఒప్పందమున్నదని కంపెనీ వాదన. ఎంత న్యాయం! పైసలిచ్చినామె కేసెయ్యలే, కేసేసినామె పైసలియ్యలే, నత్తకైతే ఎవ్వలతోని అగ్రిమెంటే లేదు. అయినా 1932ల హౌస్ ఆఫ్ లార్డ్స్, అంటె అప్పటి బ్రిటన్ పెద్దకోర్టు, జడ్జీలు ముగ్గురు ఒకదిక్కు, ఇద్దరు ఒకదిక్కు అయి, తయారుచేసినోడు తాగేటోళ్ళకు జవాబు చెప్పాలె అన్నరు. ఆ ఇద్దరు నా మనుషులు.

మనదగ్గర ఇంకా అన్యాయం. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 84 సెక్షన్ల తయారీల లోపమున్నా, డిజైన్‌ల లోపమున్నా, వాడుడెట్లనో సరిగ చెప్పకపోయినా కంపెనీదే బాధ్యతట. వారంటీల ఇచ్చిన మాట తప్పితె, నేను నిర్లక్ష్యం చెయ్యలే సార్ అని రుజువు చేసినా ఇడువరట, పాపం.

ఇగ విత్తనాల ముచ్చట. ఎనుమాముల మార్కెట్ల పత్తి బస్తాల మీద కూసున్న ఏ రైతునన్న అడుగుండ్రి, గింజ మొలవకపోతె ముందు వానది తప్పు, తర్వాత భూమిది, ఆఖరికి నువ్వే లోతుగ పెట్టినవంటరు కంపెనోళ్ళు. అవన్నీ అయినంక అసలు బాణం ఇడుస్తరు, టెస్టుకు గింజలేవి? ప్యాకెట్ మొత్తం చెల్కల పోసిన మనిషిని పట్టుకోని గింజలడుగుడు! ఇంత మంచి ప్రశ్నను కూడ సుప్రీంకోర్టు 2012ల నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ కేసుల కొట్టేసింది, రైతు కొన్న విత్తనాలన్నీ ఏసుకుంటడు గని శాంపిల్ దాచిపెట్టుకుంటడా అన్నది, పైంగ రైతు కూడ వినియోగదారుడే అని తేల్చింది.

ఇగ జిల్లా వినియోగదారుల కమిషన్‌ల 5 లక్షల దాంక కొన్నదానికి కేసు ఫీజు కూడ లేదు, 2 ఏండ్ల లోపల ఏస్తె చాలు. బిల్లు జాగ్రత్తగ దాచిపెట్టుకోకుండ్రి, కంపెనీ మనసు నొస్తది.