మూడోసారి అడిగేవాళ్లు

డిసెంబర్ సెలవులకు పర్లాకిమిడి వెళ్లినప్పుడు మా వీధి చివరింటి పిన్ని ఫోన్ పట్టుకుని వచ్చింది. "నువ్వూ జర్మనీలోనే కదా బాబూ, మావోడితో ఓసారి మాట్లాడు. ఏటి అడిగినా బాగున్నానే అంటన్నాడు" అంది. మాకు రాత్రి తొమ్మిది, లైప్జిగ్‌లో సాయంత్రం నాలుగున్నర. అయినా వీడియోలో కుర్రాడి వెనక కిటికీ మా పెరడంత చీకటిగా ఉంది.

తల్లి ముందు నోరు విప్పడని అరుగు మీదికి వచ్చేశాను. చలి, చదువు, భాష ఎలాగో నెట్టుకొస్తున్నాడు. దెబ్బ తిన్నది కేక్ దగ్గర. క్లాస్‌మేట్ పుట్టినరోజుకి వెళితే "తింటావా?" అన్నారట. మొహమాటానికి వద్దన్నాడు. వాళ్లు సరేనని పక్కవాడికిచ్చేశారు. "ఆకలితో హాస్టల్‌కొచ్చి ఏడ్చాను అన్నయ్యా, సిగ్గుగా ఉంది" అన్నాడు.

సిగ్గెందుకు? 1954లో రియో డి జనీరోలో కల్చర్ షాక్ గురించి ప్రసంగించిన మానవశాస్త్రవేత్త కలెర్వో ఓబెర్గ్ చెప్పింది ఇదే. ఎప్పుడు చెయ్యి కలపాలి, పిలుపుకి ఎప్పుడు ఒప్పుకోవాలి, ఎప్పుడు వద్దనాలి లాంటి చిన్న చిన్న ఆనవాళ్లు చెల్లకపోవడంతోనే ఆ గాభరా పుడుతుంది.

సరిహద్దు వాళ్లం, మాకివన్నీ అలవాటేనని అనుకుంటాం. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడితే పర్లాకిమిడి అటు వెళ్లింది, పక్కనే ఉన్న పాతపట్నం ఇటు మిగిలింది. బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు. రెండు భాషల్లో పెరిగినవాడు ఎక్కడైనా బతికేస్తాడని నేనూ గొప్పలు పోయాను. కానీ మాఉసీ ఇంట్లో పఖాళయినా, పిన్ని ఇంట్లో చద్దన్నమైనా, వద్దంటే గిన్నె వెనక్కి పోదు. భాషలే రెండు, మర్యాద ఒకటే. జర్మన్లు "వద్దు" అన్న మాటకి విలువిస్తారు. అదీ మర్యాదేనని నాకు తెలియడానికి రెండేళ్లు పట్టింది. (ఆ రెండేళ్లలో ఎన్ని కాఫీలు పోయాయో!)

కావాలంటే మొదటిసారే కావాలనమన్నాను. ఆదివారం దుకాణాలు మూసేసి ఊరంతా నిశ్శబ్దంగా ఉంటుంది, ఆ పూట మాత్రం గదిలో ఫోన్ పట్టుకుని కూర్చోవద్దన్నాను.

నా కోపమల్లా జర్మనీలోని మన తెలుగు సంఘం మీద. సభ్యత్వ ఫారంలో ఆంధ్ర, తెలంగాణ అని రెండే గళ్లున్నాయి. ఏది నింపాలో తెలియక ఆ కుర్రాడు ఫారం మూసేశాడు. సంక్రాంతికి ఒక ఈమెయిల్ పంపాం, జవాబు రాకపోతే ఊరుకున్నాం. మనకీ ఆ కేక్ వాళ్లకీ తేడా ఏముంది? మూడో గడి పెట్టండి. కొత్తగా వచ్చిన పిల్లలకు ఫోన్ చెయ్యండి, రానంటే మళ్లీ చెయ్యండి.

జనవరిలో అతన్ని భోజనానికి పిలిచాను. పరీక్షలన్నాడు. మళ్లీ పిలిస్తే ట్రైన్ దొరకదన్నాడు. మూడోసారికి వచ్చాడు. దాల్మాలో (ఒడియావాళ్ల కూరగాయల పప్పు) గుమ్మడికాయ ముక్కలు ఇంకా పెద్దవి కోయాలని మా ఆవిడకే చెప్పాడు.