మహారాజశ్రీ లైవ్ యాక్షన్ రీమేక్ గారి సముఖానికి

అయ్యా,

నమస్కారములు. ఉభయకుశలోపరి. డిస్నీ వారి పాత బొమ్మల సినిమాలనే అసలు మనుషులతోనూ, అసలైనవాటిలా కనిపించే జంతువులతోనూ మళ్ళీ తీస్తున్న తమరు క్షేమంగా ఉన్నారన్న సంగతిని బాక్సాఫీసు లెక్కల ద్వారా ఎప్పటికప్పుడు తెలుసుకుంటూనే ఉన్నాం. 2010లో ‘ఆలిస్ ఇన్ వండర్‌ల్యాండ్’ వంద కోట్ల డాలర్లు దాటిననాడు తమరి గడపలో అడుగుపెట్టిన లక్ష్మీదేవి, 2017లో ‘బ్యూటీ అండ్ ద బీస్ట్’తోనూ, 2019లో ‘అలాద్దీన్’, ‘ద లయన్ కింగ్’లతోనూ అదే గీతను మళ్ళీ మళ్ళీ దాటించి తమరి ఇంటనే కాపురం పెట్టింది. కనుక ఒక మామూలు ప్రేక్షకుడు రాసే ఈ ఉత్తరం వల్ల తమరి రాబడికి చిల్లిగవ్వంత లోటు కూడా రాదని నాకు తెలుసు. అయినా ఇన్నేళ్ళుగా తమరు మాకు చేస్తున్న ఉపకారాలను నోరు విప్పి చెప్పుకోకపోతే కృతఘ్నులమవుతామన్న భయంతో కలం పట్టాను.

ఆ ఉపకారాల్లో మొదటిది మా అజ్ఞానాన్ని పోగొట్టడం. గీసిన సింహం పాడుతుంటే, గీసిన దీపస్తంభం నాట్యం చేస్తుంటే, గీసిన పీత సముద్రం అడుగున వాద్యబృందాన్ని నడిపిస్తుంటే, అవన్నీ ప్రాణమున్నవే అనుకుని మేము నవ్వాం, ఏడ్చాం, ఆ పాటలను కంఠతా పట్టాం. అవి వట్టి బొమ్మలనీ, వాటికి ప్రాణప్రతిష్ఠ ఇంకా జరగలేదనీ, ఆ శుభకార్యానికి పాతికేళ్ళో ముప్ఫై ఏళ్ళో గడిచాక తమరు వచ్చి ముహూర్తం పెట్టవలసి ఉందనీ అప్పట్లో మాకు చెప్పినవారు లేరు.

గీసినవాళ్ళకైనా తెలిసి ఉండవలసింది. 1937 నాటి ‘స్నో వైట్’ చిత్రకారులు నిజానికి తమరి దారిలోనే బయలుదేరారు. మార్జరీ బెల్చర్ అనే యువ నర్తకిని పిలిపించి, ఆమె నడకనూ, నాట్యాన్నీ, తిరిగినప్పుడు గౌను అంచు లేచే తీరునూ కెమెరాతో పట్టి, ఆ ఫిల్మును ముందు పెట్టుకుని పరిశీలించారు. అసలు మనిషి, అసలు వెలుతురు, అసలు గుడ్డ మడత, అన్నీ వాళ్ళ చేతిలోనే ఉన్నాయి. ఆ రీళ్ళనే అతికించి విడుదల చేసి ఉంటే ఎంత శ్రమ తప్పేది! లోకజ్ఞానం లేని ఆ మనుషులు వాటిని పక్కన పెట్టి, ఏళ్ళ తరబడి బల్లల ముందు కూర్చుని గీశారు. అర్ధశతాబ్దం తరువాత 1989లో వచ్చిన ‘ద లిటిల్ మెర్మెయిడ్’ కోసం కూడా నటి షెర్రీ స్టోనర్ చేత ఏరియల్ అనే మత్స్యకన్య పాత్రను అభినయింపజేసుకుని, చూసినదాన్ని మళ్ళీ గీతల్లోకే దించారు. తమరు గమ్యమని చెబుతున్న చోటు వాళ్ళకు మొదటి మజిలీ. దీన్నిబట్టి ఎవరు ముందుకు నడుస్తున్నారో, ఎవరు వెనక్కి నడుస్తున్నారో తేల్చడం నావంటి వాడికి కొంచెం ఇబ్బందిగా ఉంది.

తమరి ప్రతిభ పరాకాష్ఠకు చేరినది 2019 నాటి ‘ద లయన్ కింగ్’లో కనుక, దాని దగ్గర నన్ను కాస్త ఎక్కువసేపు నిలబడనివ్వండి. ఆ సినిమాలో కెమెరాతో నిజంగా తీసిన షాటు ఒకే ఒక్కటనీ, అది మొదట్లో వచ్చే సూర్యోదయమనీ దర్శకుడు జాన్ ఫావ్రో స్వయంగా వెల్లడించారు. మిగిలినదంతా, గడ్డిపోచ మొదలుకొని జూలులోని వెంట్రుక దాకా, కంప్యూటరులో పుట్టిన యానిమేషనే. గోల్డెన్ గ్లోబ్ వారు కూడా దాన్ని యానిమేషన్ చిత్రాల విభాగంలోనే నామినేట్ చేశారు. అంటే ఒక యానిమేషన్ సినిమాను తీసి పక్కన పెట్టి, దాని స్థానంలో మరొక యానిమేషన్ సినిమానే కూర్చోబెట్టి, ఈ మార్పిడిలో యానిమేషన్‌కు ఉన్న స్వేచ్ఛను మాత్రం తమరు కనికట్టుతో మాయం చేశారు. ఇంతటి హస్తలాఘవానికి చప్పట్లు కొట్టకుండా ఉండడం కష్టం.

1994 నాటి సినిమాలో, ఎప్పుడెప్పుడు రాజునవుతానా అని సింబా అనే సింహం పిల్ల పాడే పాటను తలచుకోండి. ఆ పాట మొదలవగానే మైదానం మైదానంగా ఉండడం మానేస్తుంది. నేలా ఆకాశమూ తమ రంగులు వదిలేసి, గొప్పలు పోతున్న ఒక పసివాడి ఉత్సాహంలోని రంగుల్ని పులుముకుంటాయి. వెనుక దృశ్యం లోతు పోగొట్టుకుని చదునైన అలంకారమైపోతుంది. జంతువులు ఒకదాని మీద ఒకటి ఎక్కి గోపురం కడితే, దాని కొమ్మున సింహం పిల్ల నిలబడుతుంది. పాట ముగిసేసరికి ఆ గోపురం కూలుతుంది, పిల్లలకు కాపలాగా వచ్చిన జాజూ అనే పక్షి ఖడ్గమృగం కింద ఇరుక్కుంటుంది. మనం చూస్తున్నది ఆఫ్రికాను కాదు, సింబా బుర్ర లోపలి భాగాన్ని. తమరి సినిమాలో అదే బాణీ వినిపిస్తుంది, అదే పాట వినిపిస్తుంది. రెండు సింహం పిల్లలు నీటి మడుగు దగ్గర జంతువుల కాళ్ళ సందుల్లోంచి పరుగెత్తుతాయి. జిరాఫీ జిరాఫీగానే ఉంటుంది, ఏనుగు ఏనుగుగానే ఉంటుంది. తోలుబొమ్మలాటలో బొమ్మను తెర మీదినుంచి తప్పించి, దాన్ని ఏ మేక తోలుతో చేశారో ఆ మేకనే తెచ్చి తెర ముందు నిలబెట్టి, ఇదిగో అసలైనది అన్నట్లుగా ఉంది ఈ ఏర్పాటు.

సింబా పినతండ్రి స్కార్ పాడే కుట్ర పాట సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆకుపచ్చని పొగలు, కవాతు చేసే దుమ్ములగొండులు, పాట పెరిగేకొద్దీ నేలలోంచి పైకి లేచే బండలు, వీటన్నిటికీ సెలవిచ్చి, సగం మాటగా సగం పాటగా నాలుగు ముక్కలు గొణిగించి పంపేశారు. సింహం నిజంగా పాడదు కదా అన్న తమరి శాస్త్రీయ దృష్టిని మెచ్చుకోవలసిందే. అయితే నిజమైన సింహం రాజ్యం కోసం అన్నను చంపే కుట్ర కూడా చేయదు. అక్కడ మాత్రం శాస్త్రం ఎందుకో కళ్ళు మూసుకుంది. ఈ రాత్రి ప్రేమ తెలుస్తోందా అని అడిగే పాటను పట్టపగటి ఎండలో చిత్రించడం గురించి నేనేమీ అనను, అన్నవారు ఇప్పటికే చాలామంది ఉన్నారు.

ఇక ముఖాలు. సింహానికి కనుబొమలు ఎగరేసే సదుపాయాన్ని ప్రకృతి ఇవ్వలేదు, ప్రకృతి ఇవ్వనిదాన్ని తమరూ ఇవ్వలేదు. తండ్రి శవం పక్కన నిలబడ్డ పిల్ల ముఖానికీ, అడవిలో పురుగులు తింటున్న పిల్ల ముఖానికీ తేడా కనిపెట్టాలంటే మేము ముందు జంతుశాస్త్రం చదువుకుని రావలసి ఉంటుంది. ఈ బాధ తెలుగు అనువాదం చూసినవారికి మరింత బాగా తెలుసు. అందులో సింబా స్నేహితులైన టిమోన్‌కు అలీ, పుంబా అనే అడవిపందికి బ్రహ్మానందం గొంతునిచ్చారు. ఒక్క కనురెప్ప కదిపి హాలంతటినీ నవ్వించగలిగిన బ్రహ్మానందం గారి గొంతును తీసుకెళ్ళి, ఏ భావమూ పలకని ఆ అడవిపంది మూతికి తగిలించిన తమరి గుండె ధైర్యం సామాన్యమైనది కాదు. సినిమా నడిచినంతసేపూ ఆ గొంతు తన ముఖం ఎక్కడుందా అని వెతుక్కుంటూనే ఉంది.

తమరి రెండో సుగుణం వివరణ. 1991 నాటి ‘బ్యూటీ అండ్ ద బీస్ట్’ నిడివి 84 నిమిషాలు. తమరి చేతిలో అది 129 అయింది. ‘డంబో’ 64 నుంచి 112కు, ‘ద లిటిల్ మెర్మెయిడ్’ 83 నుంచి 135కు ఎదిగాయి. పెరిగిన ఆ నిమిషాల్లో ఏముందని వెతికితే, ఎవరూ అడగని ప్రశ్నలకు సమాధానాలు దొరికాయి. కథానాయిక బెల్ తల్లి ఏమైంది? ప్లేగు వ్యాధితో పోయింది. అంత పెద్ద కోట పక్కనే ఉంటే ఊరివాళ్ళకు తెలియలేదేం? శాపంలో భాగంగా వాళ్ళ జ్ఞాపకాలు చెరిగిపోయాయి. మాట్లాడే తేనీటి కెటిలును అభ్యంతరం లేకుండా ఒప్పుకున్న పసివాళ్ళు, ఊరివాళ్ళ మతిమరుపుకు కారణం చెప్పకపోతే థియేటరు వదిలి పోతారని తమరికి ఎవరు చెప్పారో గానీ, ఆ మనిషికి పసివాళ్ళతో పరిచయం తక్కువ.

ఈ పాటలు ఎందుకు పుట్టాయో ఒక్కసారి మనవి చేస్తాను, తీరిక ఉంటే వినండి. గీత రచయిత హోవర్డ్ ఆష్‌మన్, సంగీత దర్శకుడు ఆలన్ మెంకెన్ రంగస్థలం నుంచి వచ్చినవారు. కథానాయికకు ఏమి కావాలో మొదటి భాగంలోనే ఒక పాటతో చెప్పించాలనీ, ఆ పాట లేకపోతే ప్రేక్షకుడు ఆమె వెంట నడవడనీ ఆష్‌మన్ పట్టుబట్టేవారు. ఒక ముందస్తు ప్రదర్శనలో పిల్లలు అటూ ఇటూ కదిలారని ఏరియల్ పాడే పాటను తీసేయాలని స్టూడియో పెద్దలు తలపోస్తే, దాన్ని కాపాడుకోవడానికి ఆ చిత్రబృందం పోరాడవలసి వచ్చింది. ‘బ్యూటీ అండ్ ద బీస్ట్’ విడుదలకు కొన్ని నెలల ముందే, 1991 మార్చిలో ఆష్‌మన్ కన్నుమూశారు; ఆ సినిమాను ఆయనకే అంకితం చేశారు. అలా ఒక్కొక్క పాటకూ కథలో ఒక ఉద్యోగం ఉండేది.

ఆ ఉద్యోగాలను తమరు ఎలా సర్దుబాటు చేశారో చూడండి. 2020 నాటి ‘ములాన్’లో పాటలన్నిటినీ తొలగించి, ఒకటి రెండు రాగాలను మాత్రం వాద్యాల మీద వినిపించి సరిపెట్టారు. సంగీత ప్రధానమైన చిత్రాన్ని ఎన్నుకుని సంగీతాన్ని వదిలేయడం వైరాగ్యంలో చాలా పై మెట్టు. 2023 నాటి ‘ద లిటిల్ మెర్మెయిడ్’లో మాత్రం, న్యాయంగా చెప్పాలంటే, హాలీ బెయిలీ తన పాట ఎత్తుకున్నప్పుడు నాకు వంక పెట్టడానికి ఏమీ దొరకలేదు. అక్కడ ఒక మనిషి ముఖం ఉంది, ఆ ముఖంలో కోరిక ఉంది, కోరిక ఎక్కువై పాటగా మారడం కళ్ళకు కనబడుతుంది. కష్టమంతా ఆమె పక్కకు పీత చేరినప్పటి నుంచి మొదలవుతుంది. 1989లో సముద్రగర్భం పాట ఒక పెద్ద కచేరీ: చేపలు వాద్యాలు పట్టుకుని వాయించాయి, పీత చెమటలు కక్కుతూ వాటిని నడిపించింది. తమరి సముద్రం కోసం ప్రసిద్ధమైన ఆల్విన్ ఐలీ బృందం నర్తకులను రప్పించి, వాళ్ళ కదలికలను ఆధారంగా తీసుకున్నారని విన్నాను. అసలైన మనుషులు, అసలైన నాట్యం చేతికి అందినప్పుడు వాళ్ళను దాచేసి, ఆ నాట్యాన్ని కంప్యూటరు జలచరాలకు పంచిపెట్టారు. తమరి పేరులోని ‘లైవ్’ అనే ప్రాణం ఉన్నచోట వద్దంటారు, లేనిచోట కావాలంటారు.

అలాద్దీన్ దీపంలోని భూతాన్ని గురించి రెండు మాటలతో ముగిస్తాను. 1992లో రాబిన్ విలియమ్స్ గొంతు ఎటు పరుగెత్తితే అటు రూపం మార్చుకునేలా దాన్ని మలిచినవారు ఎరిక్ గోల్డ్‌బర్గ్. వ్యంగ్య చిత్రకారుడు ఆల్ హిర్ష్‌ఫెల్డ్ ఒంపుల గీతను ఆయన ఆదర్శంగా పెట్టుకున్నారు. ఆ గీతకు ఎముకలు లేవు కనుక ఏ వేషమైనా వేయగలిగింది. తమరి సినిమాలో ఆ వేషం వేసిన విల్ స్మిత్ గారికి ఎముకలున్నాయి. అది ఆయన తప్పు కాదు.

2025 నాటి ‘స్నో వైట్’కు పెట్టుబడికి తగిన వసూళ్ళు రాలేదని తెలిసి విచారించాను. పాత సినిమాకు అకాడమీ వారు ఒక పెద్ద ఆస్కార్ బొమ్మనూ, పక్కన ఏడు చిన్న బొమ్మలనూ ఇచ్చి గౌరవించారు. తమరి సినిమాలో ఆ ఏడుగురు మరుగుజ్జులనూ కంప్యూటరుతో చేయించారు. మరుగుజ్జు పాత్రలు ధరించగల నటులు లోకంలో లేరనా, లేక అలవాటు మానుకోలేకనా అని అడిగే చనువు నాకు లేదు.

దెబ్బ తగిలింది కనుక కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకుంటారనుకోవడం నా అమాయకత్వం. 2016 నవంబరులో వచ్చిన ‘మోవానా’కు ఏడేళ్ళు నిండకముందే, 2023 ఏప్రిల్లోనే, దానికీ అసలు మనుషులతో రీమేక్ తీస్తున్నట్లు తమరు ప్రకటించారు. మాకు ఆ సినిమాను మరిచిపోయే అవకాశం కూడా ఇవ్వకుండా గుర్తు చేయడానికి బయలుదేరారు. అందులో మావి అనే వీరుడి పాత్రకు గొంతునిచ్చిన డ్వేన్ జాన్సన్ గారే ఈసారి శరీరాన్ని కూడా ఇస్తున్నారు కనుక కండలకు లోటు ఉండదు. అయితే ఆ వీరుడి ఒంటినిండా పచ్చబొట్లున్నాయి, వాటిలో ఒక బుల్లి మావి ఉన్నాడు. వాడు ఆ ఛాతీ మీద అటూ ఇటూ తిరుగుతూ, యజమాని అబద్ధం చెబితే అలుగుతాడు, మంచి పని చేస్తే కౌగిలించుకుంటాడు. తక్కిన సినిమా దాదాపు అంతా కంప్యూటరులో తయారైనా, వాణ్ణి మాత్రం ఎరిక్ గోల్డ్‌బర్గ్ పర్యవేక్షణలో చేత్తోనే గీశారు. ఎంత అసలైన ఛాతీ తెచ్చినా దాని మీద పచ్చబొట్టు దానంతట అది అలగదు కదా. ఎప్పుడో ఒకప్పుడు గీయడం తెలిసినవాణ్ణి తమరు కబురంపి పిలిపించుకోక తప్పదు. అతను వచ్చినప్పుడు, ఇన్నాళ్ళ సంగతులేవీ మనసులో పెట్టుకోకుండా, కిటికీ పక్కన వెలుతురున్న చోట ఒక బల్లా కుర్చీ వేయించవలసిందిగా ప్రార్థన.

ఇట్లు,
తమరి విధేయుడైన ఒక ప్రేక్షకుడు