రాస్‌కు పేరు తెలియని దోమ

1897 ఆగస్టు 16న సికిందరాబాదు శివారులోని బేగంపేట ఆసుపత్రిలో హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని పది దోమల చేత కుట్టించారు. దోమకు ఒక అణా లెక్కన హుసేన్ ఖాన్ చేతికి పది అణాలు వచ్చాయి. నాలుగు రోజుల తర్వాత ఆ దోమల్లో ఒకదాన్ని కోసి సూక్ష్మదర్శిని కింద పెట్టిన రోనాల్డ్ రాస్‌కు, దాని పొట్ట గోడలో నల్లని రేణువులున్న గుండ్రటి కణాలు, అంటే పెరుగుతున్న మలేరియా క్రిములు, కనిపించాయి. ఇంతవరకూ మనం చిన్నప్పటి నుంచి వింటున్న కథే. రోగి పేరు చరిత్రలో మిగిలింది, ఇచ్చిన అణాల లెక్కా మిగిలింది. దోమ పేరు మాత్రం రాస్ రాతల్లో లేదు. ఆయనకు తెలియదు కాబట్టి లేదు. గోధుమ రంగుది, చుక్కల రెక్కలది అని గుర్తు రాసుకున్నారు, అంతే. అంతకు ముందు రెండేళ్లపాటు ఆయన కోసినవన్నీ బూడిద రంగు దోమలు, చారల దోమలు. ఎన్ని కోసినా వాటిలో ఏమీ దొరకలేదు. దొరకదు కూడా. మనుషుల మలేరియా వాటి ఒంట్లో పెరగదు.

రాస్ ఓపికను చాలామంది మెచ్చుకున్నారు. నాకు మాత్రం ఆ రెండేళ్లు తలచుకున్నప్పుడల్లా, దోమల్లో రకాలు చెప్పగల మనిషి ఒక్కరు పక్కన ఉండి ఉంటే ఎంత కాలం కలిసివచ్చేదో అనిపిస్తుంది. పురుగులకు పేర్లు పెట్టి వరసలు కట్టడాన్ని గుమాస్తా పనిగా చూసే అలవాటు శాస్త్రవేత్తల్లో అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. మలేరియా మీద ఆ తర్వాత ముప్పై నలభై ఏళ్లు జరిగిన పనిని చూస్తే, ఆ చిన్నచూపు ఎంత ఖరీదైనదో అర్థమవుతుంది.

ఇటలీ జంతుశాస్త్రవేత్త బతిస్తా గ్రాసీ దారి వేరు. ఆయన దోమల రకాలు ఎరిగిన మనిషి. మలేరియా ఉన్న ఊళ్లలో ఏ దోమలున్నాయి, లేని ఊళ్లలో ఏవి ఉన్నాయి అని తిరిగి చూసి, రెండు చోట్లా ఉన్నవాటిని పక్కన పెడుతూ వచ్చారు. చివరికి మిగిలింది అనాఫిలిస్. 1898 చివరికల్లా సహచరులతో కలిసి, మనిషికి మలేరియాను అంటించేది ఆ దోమేనని చూపించారు. 1902లో నోబెల్ బహుమతి రాస్ ఒక్కరికే దక్కింది. ఆ తర్వాత జీవితాంతం ఇద్దరూ ఒకరినొకరు తిట్టుకుంటూనే ఉన్నారు. సికిందరాబాదు మీద మనకున్న అభిమానం కొద్దీ రాస్ పక్షం వహించడం సహజం. క్రిమిని దోమలో మొదట చూసింది రాస్, అందులో అనుమానం లేదు. కానీ ఏ దోమ అన్న ప్రశ్నకు జవాబు చెప్పింది గ్రాసీ. ఆ ప్రశ్న ఎంత పెద్దదో తెలియడానికి ఇంకొన్నేళ్లు పట్టింది.

1898లోనే బ్రిటిష్ వలసల మంత్రి జోసెఫ్ చాంబర్లేన్, సామ్రాజ్యం నలుమూలల నుంచీ దోమలను పట్టి లండన్‌కు పంపాలని ఆదేశించారు. అక్కడి మ్యూజియంలో వాటికి పేర్లు పెట్టే పని కీటక శాస్త్రవేత్త ఫ్రెడరిక్ థియోబాల్డ్‌కు అప్పగించారు. 1901 నుంచి 1910 వరకు అయిదు సంపుటాలు వెలువడ్డాయి. దోమ రెక్క మీద, ఒంటి మీద సన్నని పొలుసులుంటాయి. థియోబాల్డ్ ఆ పొలుసుల ఆకారాన్ని, అమరికను పట్టుకుని ప్రజాతులను, అంటే దగ్గరి పోలికలున్న దోమల గుంపులను, విడదీశారు. శాస్త్రీయ నామంలో కూడా మన తెలుగు పేర్లలాగే ఇంటిపేరు, అంటే ప్రజాతి పేరు, ముందు వస్తుంది. ఆయన అనాఫిలిస్ కుటుంబాన్ని మైజోమియా, పైరెటోఫోరస్, సెల్లియా అంటూ ఎన్నో ఇంటిపేర్లుగా పంచిపెట్టారు. పొలుసులు చూసి గోత్రాలు పంచితే ఎన్నాళ్లు నిలుస్తాయి? పైగా ఎండబెట్టి సూదికి గుచ్చి ఓడలో పంపిన దోమకు దారిలో సగం పొలుసులు రాలిపోతాయి. తర్వాతి పండితులు ఆ ఇంటిపేర్లను దాదాపు అన్నిటినీ తిరిగి అనాఫిలిస్‌లోనే కలిపేశారు. అయినా థియోబాల్డ్ శ్రమను కొట్టిపారేయలేం. తప్పు వర్గీకరణ ఒకటి ముందుంటేనే తర్వాతి వాళ్లు దాన్ని దిద్దగలిగారు.

ఆ దిద్దుబాటు ఎక్కువగా మన దేశంలో, బతికున్న దోమలను కళ్లారా చూసినవాళ్ల చేతుల మీదుగా జరిగింది. మామూలుగా గోడ మీద వాలిన అనాఫిలిస్‌ను గుర్తుపట్టడం తేలిక: తల కిందికి, తోక పైకి పెట్టి, గోడలో దిగిన ముల్లులా ఏటవాలుగా నిలబడుతుంది. మనుషుల మలేరియా మోయని క్యూలెక్స్ దోమ అయితే వీపు వంచి గోడకు సమాంతరంగా కూర్చుంటుంది. ఇంకా దగ్గరగా చూస్తే, ఆడ అనాఫిలిస్ తొండానికి రెండు వైపులా తొండమంత పొడవున్న మీసాల లాంటి అవయవాలు ఉంటాయి. క్యూలెక్స్ ఆడదానికి అవి పొట్టివి. ఇంతవరకూ నేర్చుకున్న మనిషి దోమలు తనకు తెలిసిపోయాయనుకుంటాడు. అలాంటివాళ్లను బోల్తా కొట్టించే దోమకు సైనిక వైద్యుడు జైల్స్ 1901లో క్యూలిసిఫేసీస్ అని పేరు పెట్టారు. క్యూలెక్స్ పోలిక ఉన్నది అని దాని అర్థం. చూడటానికి చిన్నది, కూర్చునే తీరులో దాదాపు క్యూలెక్సే. మన పల్లెల మలేరియాలో ఎక్కువ భాగాన్ని మోసింది, ఇప్పటికీ మోస్తున్నది ఆ అమాయకపు దోమే.

అదే జైల్స్ అంతకు ముందే, 1899లో, ఇళ్ల చుట్టూ మురికి గుంటల్లో కుప్పలుతెప్పలుగా పుట్టే మరో అనాఫిలిస్‌కు రాస్ గౌరవార్థం రోసై అని పేరు పెట్టారు. లండన్ రాయల్ సొసైటీ పంపిన వైద్యులు స్టీఫెన్స్, క్రిస్టఫర్స్ కలకత్తాలో రోసై దోమలను కోసి చూస్తే వాటిలో మలేరియా క్రిమి కనిపించలేదు. అంటే ఊరంతా అనాఫిలిస్ ఉన్నా మలేరియా లేకపోవచ్చు. అనాఫిలిస్ అన్న ఇంటిపేరు ఒక్కటే తెలిస్తే చాలదు, సొంత పేరు కూడా తెలియాలి. పట్టణాల్లో బావులు, నీటి తొట్లలో పుట్టి మలేరియా పంచే మరో దోమకు 1901లో లిస్టన్ అనే వైద్యుడు ఆ స్టీఫెన్స్ పేరే పెట్టారు. మరుసటి ఏడాది జేమ్స్ అనే మరో వైద్యుడు పేరు పెట్టిన దోమల్లో ఒకటి జేపోరియెన్సిస్. ఆ పేరులో ఉన్నది రాజస్థాన్ జైపూర్ అనుకునేవాళ్లున్నారు, కాదు. అది మన జయపురం, అప్పటి విశాఖపట్నం జిల్లా ఏజెన్సీలోది, ఇప్పుడు ఒడిశాలో ఉంది. మన్యం జ్వరం అంటే మైదానం వాళ్లు వణికిపోయిన కొండలవి.

సొంత పేరు తెలియకపోతే ఏమవుతుందో మలయా తోటల్లో తేలిపోయింది. మాల్కం వాట్సన్ అనే వైద్యుడు 1901లో క్లాంగ్ పట్టణం చుట్టూ అడవి కొట్టించి, నీటి గుంటలు తీసివేయించారు. జ్వరాలు అమాంతం తగ్గాయి. అక్కడి దోమ అంబ్రోసస్, చెట్ల నీడలోని నీళ్లలో గుడ్లు పెట్టేది. నీడ పోతే దానికి బతుకు లేదు. ఇంత మంచి ఫలితం వచ్చాక అదే మంత్రం కొండల మీది రబ్బరు తోటల్లో ఎందుకు పనిచేయదనుకుంటారు ఎవరైనా? అక్కడా అడవి కొట్టారు. జ్వరాలు పెరిగాయి. కొండ దోమ మాక్యులేటస్‌కు కావలసింది ఎండ పడే తేట నీటి వాగు. అడవి కొట్టినవాళ్లు దానికి చేతులారా పురిటిగది కట్టి ఇచ్చినట్టయింది. ఆ తోటల్లో పనికి వెళ్లినవాళ్లలో తమిళులతో పాటు తెలుగు కూలీలూ ఉన్నారు. రెక్క మీద నాలుగు మచ్చల తేడా వాళ్ల ప్రాణాల మీదికి వచ్చింది. చివరికి వాట్సన్ వాగుల నీటిని భూమి కింద పైపుల్లోకి మళ్లించారు, ఆపైన నూనె చల్లించారు. ఒకచోట గొడ్డలి మందు, ఇంకోచోట అదే గొడ్డలి రోగం. ఏ చోట ఏదో చెప్పగలిగింది గుమాస్తా పని అనిపించుకున్న వర్గీకరణే.

యూరప్‌లో చిక్కు ఇంకా గట్టిది. అక్కడ మాక్యులిపెన్నిస్ అనే ఒకే దోమ ఊరూరా ఉంది, మలేరియా మాత్రం కొన్ని ఊళ్లలోనే ఉంది. పశువులు ఎక్కువ ఉన్నచోట దోమలు వాటి మీదికి పోతాయి కాబట్టి మనుషులు బతికిపోతున్నారని కొందరు వాదించారు. 1926లో ఇటలీ ఆరోగ్య శాఖ ఉద్యోగి ఫాలెరోనీ దోమల జోలికి పోకుండా గుడ్లను చూశారు. అనాఫిలిస్ గుడ్డు చిన్న పడవలా నీటి మీద తేలుతుంది, పక్కన గాలి నిండిన తెప్పలుంటాయి. వేర్వేరు దోమలు పెట్టిన ఆ పడవల మీద రంగు వేరు, చారలు వేరు. రెక్కలో, కాలిలో ఏ తేడా లేని దోమలు నిజానికి ఒకే జాతివి కావని, కొన్ని పశువులను ఇష్టపడతాయని, కొన్ని మనుషులను వదలవని ఆ దారిలోనే 1930ల నాటికి రుజువైంది.

ఇదంతా శాస్త్రం మీద ప్రేమతో జరిగిందని చెప్పను. సైన్యం, రైళ్లు, తోటలు నడవాలి, వాటి కోసం జరిగింది. దోమలను నీళ్లలోంచి ముంచి తెచ్చిన స్థానికుల పేర్లు చాలావరకు ఎక్కడా లేవు. ఇక్కడి దోమకు కచ్చితమైన పేరు కావాలంటే లండన్‌లోని మూల నమూనాతో, అంటే ఆ పేరు మొదట పెట్టిన దోమతో, పోల్చి చూడాల్సి వచ్చేది. ఆ పరాధీనత కొంతైనా సడలింది 1927లో హిమాచల్ కొండల్లోని కసౌలీలో మలేరియా సర్వే అనే సంస్థ ఏర్పడిన తర్వాతే. అక్కడ పనిచేసిన ఐ.ఎం. పురి 1931లో భారతదేశపు అనాఫిలిస్ డింభకాలన్నిటినీ వర్ణిస్తూ గ్రంథం వెలువరించారు. చెరువు నుంచి గరిటెడు నీళ్లు ముంచి, అందులో మెలికలు తిరుగుతున్న పిల్లపురుగు ఏ దోమ అవుతుందో దాని ఒంటి మీది వెంట్రుకల కొమ్మలను బట్టి చెప్పే విద్య అది. క్రిస్టఫర్స్ పెద్ద సంపుటం 1933లో వచ్చింది. నా దృష్టిలో ఈ రెంటిలో పురి గ్రంథమే గొప్పది. రెక్కలు వచ్చి ఎగిరిపోయిన దోమను ఏ ఆరోగ్య సిబ్బందీ పట్టలేరు, నీటిలోని పురుగును మాత్రం పట్టగలరు.

జైల్స్ రోసై అని పేరు పెట్టిన ఏడాదే గ్రాసీ కూడా అదే దోమను వర్ణించి సబ్‌పిక్టస్ అన్నారు. ఒక జీవికి రెండు పేర్లు పడితే ముందు అచ్చయినదే చెల్లుతుందని 1905లో వెలువడిన అంతర్జాతీయ నియమావళి చెప్పింది. ఆ లెక్కన చెల్లింది సబ్‌పిక్టస్. మన మురికి గుంటల్లో పుట్టే ఆ దోమ నేడు అన్ని పుస్తకాల్లోనూ గ్రాసీ పెట్టిన పేరుతోనే ఉంది, పక్కన ఆయన పేరు, 1899 అన్న సంవత్సరంతో సహా. రాస్ పేరు దాని కింద, చెల్లని పేర్ల జాబితాలో ఉంది.