సవరణ: లెక్కల పరీక్ష రాయక తప్పదు

అమెరికా వచ్చి ఏడాది నిండని మన పిల్లలకు కాలిఫోర్నియా బళ్లలో వార్షిక పరీక్షలేవీ ఉండవని మొన్న రాశాను. తప్పే. అమెరికా బళ్లలో చేరి 12 నెలలు నిండని ఇంగ్లిష్ లెర్నర్లకు, అంటే ఇంగ్లిష్ ఇంకా నేర్చుకుంటున్న పిల్లలకు, మినహాయింపు ఒక్క ఇంగ్లిష్ పేపరుకే, లెక్కలు రాయాల్సిందే. పైగా ఎల్‌ప్యాక్ అనే ఇంగ్లిష్ భాషా పరీక్ష వేరే ఉంటుంది: వినడం, మాట్లాడడం, చదవడం, రాయడం, నాలుగూ చూస్తారు.

మావాడికి భిన్నాలు కొట్టిన పిండి. ప్రశ్నలో 'హౌ మెనీ మోర్' (ఎన్ని ఎక్కువ) అని కనిపిస్తే మాత్రం, తీసివేయాల్సింది పోయి కూడేస్తాడు! లెక్కల పరీక్షలో కష్టమైన మాటలకు పంజాబీలో అర్థాలిచ్చే సదుపాయం ఉంది, తెలుగుకు లేదు. ప్రశ్నను చదివి వినిపించే ఏర్పాటు గురించి టీచరును ముందే అడగండి. నా మాట నమ్మి ధీమాగా కూర్చున్నవాళ్లు మన్నించాలి.