తిరగబడ్డ సింహాలు

మొన్న ఆదివారం పాలవాడికి చిల్లర వెతుకుతూ టీవీ పక్కనుండే హార్లిక్స్ సీసా బోర్లిస్తే, ఒక పది రూపాయల బిళ్ళ దొర్లుకుంటూ వచ్చి నా కాలి దగ్గర పడింది. తీసి చూస్తే గుండె ఆగినంత పనైంది. మామూలుగా మధ్యలో సింహాలు, చుట్టూ పసుపు రింగు మీద భారత్ అని ఉంటాయి కదా, ఇందులో సింహాల చుట్టూ కిరణాలున్నాయి! టంకశాలలో ఎవరో నిద్రమత్తులో మధ్య బిళ్ళని తిరగేసి బిగించారని తేల్చేశాను.

"ఇట్టాంటిది లక్షల్లో పోతుందప్పా, ఎవురికీ చూపించొద్దు" అన్నాడు ఎదురింటాయన. సాయంత్రానికి వీధంతా చెప్పింది కూడా ఆయనే. రాత్రి మా ఆవిడ తిరుచానూరు వైపు స్థలాల రేట్లు అడిగింది. నేను ఆవిడ కమ్మలు తీసి బయటపెట్టి, ఆ డబ్బాలో బిళ్ళని దూదిలో చుట్టి పెట్టాను.

సోమవారం గోవిందరాజస్వామి గుడి దగ్గర పాత నాణేలు అమ్మే పెద్దాయనకి చూపించాను. భూతద్దం పెట్టి పది సెకన్లు కూడా చూడలేదు.

"సామీ, రింగూ మధ్య బిళ్ళా ముందు బొమ్మ లేకుండా నున్నగా ఉంటాయి. ఒకదాంట్లో ఒకటి పెట్టి ప్రెస్సుతో ఒక్క దెబ్బ కొడితే అతుక్కునేదీ అప్పుడే, బొమ్మ పడేదీ అప్పుడే. ఇంక మధ్యది మాత్రం తిరగబడేదెట్ట? నిజంగా మింటు తప్పయితే మధ్య బిళ్ళ పక్కకి జరిగుంటుంది, బొమ్మ మాత్రం రెండింటి మీదా సాఫీగా పడుంటుంది. అట్టాంటిది తే, నేనే కొంటా. దీన్ని ఎవురో సుత్తితో ఊడగొట్టి తిప్పి పెట్టినారు" అని అంచు మీద సొట్ట చూపించాడు. అంతటితో ఊరుకున్నాడా, "నాణేన్ని ఇట్ట పాడుచేస్తే 2011 కాయినేజ్ చట్టం ప్రకారం నేరం, తెల్సునా?" అన్నాడు.

లక్షల కోసం పోయినవాణ్ణి దొంగలాగా బిళ్ళని గుప్పిట్లో దాచుకుని బయటపడ్డాను. టీ కొట్లో వదిలించుకుందామంటే, చెల్లుతుందని రిజర్వు బ్యాంకు ఎంత మొత్తుకున్నా వాళ్ళు మంచి పది బిళ్ళే తీసుకోరు, ఇదేం తీసుకుంటారు!

ఇంటికొచ్చి ఆరో క్లాసు చదివే మావాణ్ణి నిలదీస్తే, భయమన్నది లేకుండా ఒప్పేసుకున్నాడు. పైగా "లక్షలొస్తాయన్నావు గదా నాయినా" అంటూ జామెట్రీ బాక్సు తెరిచాడు.

అందులో ఇంకో మూడున్నాయి.