మోకాలి నొప్పిని క్రమశిక్షణ అనకండి

తిరుపతిలో పిల్లలను ఆటలకు పంపే తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం విస్తృతంగా తిరుగుతోంది. ఆరేళ్లకే ఒక్క ఆటలో చేర్చి మిగతావన్నీ మాన్పించాలని, పదివేల గంటల సాధన చేయనిదే ఛాంపియన్ కాలేరని, నొప్పికి ఆగేవాడు క్రీడాకారుడే కాడని, పన్నెండేళ్లకు పతకం రాకపోతే ఆట మాన్పించడం మేలని దాని సారాంశం. ఇక్కడ పిల్లలకు పరుగు, జంప్స్ నేర్పే కోచ్‌గా ఈ నాలుగు మాటలనూ నేను ఒప్పుకోను.

ఒక్క ఆట సంగతి చూద్దాం. నీరజ్ చోప్రా బరువు తగ్గడానికని పానిపట్ స్టేడియానికి వెళ్లి, దాదాపు పదమూడేళ్ల వయసులో జావెలిన్ పట్టారు, టోక్యోలో 87.58 మీటర్లు విసిరి స్వర్ణం తెచ్చారు. పి.వి. సింధు ఎనిమిదేళ్లకే రాకెట్ పట్టిన మాటా నిజమే. అయితే త్వరగా మొదలుపెట్టడం వేరు, మిగతా ఆటలను మాన్పించడం వేరు. అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2016 నివేదికలో, ఒకే ఆటకు పరిమితం కావడాన్ని 15, 16 ఏళ్ల వరకు వాయిదా వేయాలని, వారానికి ఒకటి రెండు రోజులు, ఏడాదిలో విడతలుగా మూడు నెలలు ఆ ఆటకు విరామం ఇవ్వాలని సూచించింది.

పదివేల గంటల లెక్క అసలు మైదానంలో పుట్టలేదు. మనస్తత్వ శాస్త్రవేత్త ఎరిక్సన్ బృందం 1993లో ప్రచురించిన అధ్యయనంలో, బెర్లిన్‌లోని మేటి వయొలిన్ విద్యార్థులు ఇరవై ఏళ్లు వచ్చేసరికి చేసిన సాధనకు అది సగటు మాత్రమే.

నన్ను ఎక్కువగా కలచివేసింది నొప్పి గురించిన మాట. ఒక శిక్షణ శిబిరంలో తెల్లవారుజామున అలిపిరి మెట్ల మీద ఎక్కించి, దించి పరుగులు తీయించిన పదమూడేళ్ల అబ్బాయి నా దగ్గరకు వచ్చాడు. మైదానం గ్యాలరీ మెట్లు దిగేటప్పుడు కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టు మీద రెండు కాళ్లూ ఆనించి దిగుతున్నాడు. "ఎక్కేటప్పుడు ఏం కాదు సార్, దిగేటప్పుడే పీకతా ఉంది" అన్నాడు. మోకాలిచిప్ప కింద ఉబ్బిన ఎముక మీద వేలు ఆనించగానే కాలు వెనక్కి లాక్కున్నాడు. దీన్ని డాక్టర్లు ఆస్‌గుడ్ ష్లాటర్ అంటారు. ఎత్తు వేగంగా పెరిగే వయసులో తొడ కండరం వచ్చి అతుక్కునే ఆ చోటు ఇంకా గట్టిపడి ఉండదు. దూకిన ప్రతిసారీ, మెట్టు దిగిన ప్రతిసారీ, ఒంటి బరువును ఆపే కండరం దాన్ని లాగుతూనే ఉంటుంది. భారం తగ్గిస్తే చాలామందిలో ఎదుగుదల పూర్తయ్యేసరికి సర్దుకునే ఈ నొప్పిని, ఓర్చుకోమని చెప్పి ముదరబెట్టడం శిక్షణ కాదు. రెండు తొడలూ పట్టేసినట్టుండే అలసట మామూలే. పిల్లవాడు ఒకేచోట వేలు పెట్టి చూపించే నొప్పికి మాత్రం ఆ రోజు పరుగు ఆపాల్సిందే.

ఇక పన్నెండేళ్ల పతకం. ఆ వయసులో గెలిచేవారిలో చాలామంది తోటివారికంటే ముందుగా ఒళ్లు ఎదిగినవారు. ఆలస్యంగా ఎదిగే పిల్లవాడిని అప్పుడే పంపేస్తే, అతని అసలు వేగం చూసే అవకాశం మనకే ఉండదు. అందుకే మూడు నెలలకొకసారి మా సామాన్ల గది గోడ మీద ప్రతి పిల్లవాడి ఎత్తునూ సుద్దతో గీస్తాను. గీతల మధ్య దూరం హఠాత్తుగా పెరిగిన పిల్లలకు ఆ నెల జంప్స్ సగానికి తగ్గిస్తాను, మెట్ల పరుగు పూర్తిగా ఆపేస్తాను.