స్క్రైబ్‌ని వెతుక్కోవడం విద్యార్థి పనా?

డిగ్రీ సెమిస్టర్ టైమ్‌టేబుల్ బయటికొచ్చిందంటే మిగతా పిల్లలు సిలబస్ ఎంత మిగిలిందో చూసుకుంటారు. చూపులేని విద్యార్థి మాత్రం ఫోన్ పట్టుకుని, తను జవాబులు చెబుతుంటే రాసిపెట్టే మనిషి, అంటే స్క్రైబ్ కోసం వేట మొదలుపెడతాడు. జూనియర్లను అడగాలి, వాళ్లకు తెలిసినవాళ్లను అడగాలి, వాట్సాప్ గ్రూపుల్లో తేదీలూ సెంటరూ సబ్జెక్టూ పెట్టి బతిమాలుకోవాలి, ఆరు పేపర్లుంటే ఆరింటికీ ఒకే మనిషి వస్తాడన్న భరోసా లేదు, వచ్చేవాడు దొరికాక అతని బోనఫైడూ ఫోటోలూ ఆధార్ కాపీ పట్టుకుని ప్రిన్సిపాల్ సంతకానికి ఒకచోట, పరీక్షల విభాగం ముద్రకు ఇంకోచోట తిరగాలి. ఇదంతా అయ్యాక, టైమ్ మిగిలితే, చదువుకోవాలి.

దీన్ని అందరం మామూలు విషయంగా తీసుకున్నాం. మాకిది మామూలుగా అనిపించడం లేదు. పరీక్ష పెట్టేది విశ్వవిద్యాలయం. హాలు దానిదే, ప్రశ్నపత్రం దానిదే, ఇన్విజిలేటర్‌ని వేసేదీ అదే, అడిషనల్ షీటు కట్టే దారం కూడా అదే ఇస్తుంది. ఒక విద్యార్థికి రాసే చెయ్యి కావాల్సొచ్చినప్పుడు మాత్రం, అది నువ్వే తెచ్చుకో అంటుంది. ఎందుకు తెచ్చుకోవాలి?

నిబంధనలు లేక కాదు. 2018 ఆగస్టులో కేంద్ర దివ్యాంగుల సాధికారత విభాగం ఇచ్చిన మార్గదర్శకాల్లోనే చాలా సంగతులు స్పష్టంగా చెప్పారు. విద్యార్థి సొంతంగా స్క్రైబ్‌ని తెచ్చుకోవచ్చు, లేదా పరీక్ష పెట్టే సంస్థనే ఇమ్మని అడగవచ్చు, నిర్ణయం విద్యార్థిది. సంస్థలు జిల్లా స్థాయిలోనో రాష్ట్ర స్థాయిలోనో స్క్రైబుల ప్యానెల్ తయారుచేసుకోవచ్చు. సంస్థ ఇచ్చిన స్క్రైబ్‌ని పరీక్షకు రెండు రోజుల ముందే కలిసి, పనికొస్తాడో లేదో చూసుకునే వీలు విద్యార్థికి ఉండాలి. గంటకు 20 నిమిషాలకు తగ్గకుండా అదనపు సమయం ఇవ్వాలి, అంటే మూడు గంటల పేపరుకు ఇంకో గంట. ప్యానెల్ తప్పనిసరి అని రాయలేదు కాబట్టి చాలాచోట్ల దాని జోలికే పోలేదు. అదనపు గంట సంగతి హాల్లో ఉన్న ఇన్విజిలేటర్‌కి తెలిస్తే ఇస్తారు, తెలియకపోతే బెల్లు కొట్టగానే పేపరు లాక్కుంటారు, ఆ పూట ఎవరి డ్యూటీ పడిందన్నదాని మీద ఒక విద్యార్థి మార్కులు ఆధారపడుతున్నాయి.

ఇంకో మెలిక ఉంది. ఆ మార్గదర్శకాల ప్రకారం సొంతంగా తెచ్చుకునే స్క్రైబ్ చదువు అభ్యర్థి చదువుకన్నా ఒక మెట్టు తక్కువ ఉండాలి. కాపీ జరగకూడదన్నది దీని ఉద్దేశం, కాదనలేం. కానీ సాయం చేస్తామని ముందుకొచ్చేవాళ్లు ఎవరు? హైదరాబాద్‌లో అయితే ఎక్కువమంది సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు, బీటెక్కులు చదివినవాళ్లు. డిగ్రీ పరీక్షకు వాళ్లు పనికిరారు. పనికొచ్చే ఇంటర్ పిల్లలకేమో కాలేజీ, కోచింగ్, వాళ్ల పరీక్షల టెన్షన్. పైగా తెలుగు మీడియంలో బీఏ చదివే విద్యార్థికి తెలుగు గబగబా రాయగలిగే మనిషి కావాలి. ఇంగ్లిష్ మీడియంలో చదివిన పిల్ల ఎంత మంచి మనసుతో వచ్చినా, కాకతీయుల పాలన గురించి ఇతను గడగడా చెప్పుకుపోతుంటే ఆమె ఒత్తుల దగ్గర ఆగిపోతుంది. 'మళ్లీ చెప్పన్నా' అంటుంది. మూడోసారి చెప్పేసరికి ఇతనికి తర్వాతి పాయింటు గుర్తుండదు. జవాబు తెలిసీ రాయించలేకపోయినవాడి బాధ మార్కుల మెమోలో కనపడదు.

స్క్రైబుల పేరుతో మోసాలు జరుగుతున్నాయి కదా అని అధికారులు అంటారు. జరుగుతున్నాయి, పోటీ పరీక్షల్లో పట్టుబడినవాళ్లూ ఉన్నారు. అందుకే కదా స్క్రైబ్‌ని విశ్వవిద్యాలయమే ఇవ్వాలంటున్నది! మీ ప్యానెల్‌లోని మనిషి, మీరు వేసిన డ్యూటీ, మీరిచ్చిన రెమ్యూనరేషన్, ఇక అనుమానానికి చోటెక్కడిది? స్క్రైబ్‌ని తెచ్చుకోమని విద్యార్థికే చెప్పి, తెచ్చుకున్నాక దొంగని చూసినట్టు చూడటం ఏం పద్ధతి?

అసలు స్క్రైబ్ అవసరమే లేకుండా చేసే దారి కూడా ఉంది. ఆ 2018 మార్గదర్శకాలే పరీక్షను కంప్యూటర్ మీద రాసే వీలు కల్పించాయి. తెరమీది అక్షరాలను చదివి వినిపించే ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ సాఫ్ట్‌వేర్ ఉచితం. నెట్ తీసేసిన ఒక కంప్యూటర్, హెడ్‌ఫోన్, ప్రశ్నపత్రం సాఫ్ట్ కాపీ, ఇంతే కావాల్సింది. ల్యాబుల్లో వందల కంప్యూటర్లున్న కాలేజీలు ఆ ఒక్కటీ ఇవ్వలేమంటే నమ్మడం కష్టం.

అయితే తెలుగు దగ్గరికొచ్చేసరికి ఇంకో గోడ అడ్డొస్తోంది. మన ప్రచురణ రంగం దశాబ్దాలపాటు అను ఫాంట్లతో నడిచింది. ఆ ఫైలు కంటికి తెలుగులా కనిపిస్తుంది గానీ, లోపల కంప్యూటర్ దాచుకున్నవి ఇంగ్లిష్ అక్షరాలూ గుర్తులూ. స్క్రీన్ రీడర్‌కి కళ్లుండవు, అది లోపలున్నదే చదువుతుంది, అందుకని చరిత్ర పాఠం తెరిస్తే అర్థంపర్థం లేని శబ్దాలు వినిపిస్తాయి. ఇక స్కాన్ చేసి పెట్టిన పీడీఎఫ్ అయితే ఆ శబ్దం కూడా ఉండదు, అది ఉత్త బొమ్మ. ఏ కంప్యూటరైనా తెలుగుగానే గుర్తుపట్టే యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఎప్పుడో వచ్చాయి, మార్చాక తప్పులు దిద్దే మనిషి కావాలి, అంతే. కాపీరైట్ భయమూ అక్కర్లేదు. 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించి, దివ్యాంగులు చదువుకునే రూపంలోకి పుస్తకాలను మార్చుకునే వెసులుబాటు ఇచ్చారు. అంధులు చదువుకునే రూపంలో పుస్తకాలు అందేలా వచ్చిన మారకేష్ ఒప్పందాన్ని ప్రపంచంలో అందరికన్నా ముందు, 2014లో, ధ్రువీకరించింది మన దేశమే. అంతర్జాతీయ వేదిక మీద ముందు నిలబడ్డ దేశంలో, డిగ్రీ సెకండియర్ ఎకనామిక్స్ పుస్తకం కోసం ఒక విద్యార్థి తన చెల్లెలితో చదివించి ఫోన్‌లో రికార్డు చేసుకోవాల్సి వస్తోంది.

2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో 5 శాతానికి తగ్గకుండా సీట్లు కేటాయించమంది. అంతకుముందు 7గా ఉన్న వైకల్యాల జాబితాను 21కి పెంచింది. బాగుంది. మరి క్లాసులో ఎంతమంది ఉన్నారు? కేంద్రం జరిపే ఉన్నత విద్య సర్వే ప్రకారం 2020-21లో దేశమంతా కలిపి 4.14 కోట్ల మంది విద్యార్థులుంటే వాళ్లలో దివ్యాంగులు సుమారు 79 వేలు. శాతంలో చెబితే 0.2కి అటూఇటూ. 2011 జనాభా లెక్కల్లోనే దివ్యాంగులు 2.21 శాతం. మా దగ్గర పట్టుమని పదిమంది లేరు, వాళ్లకోసం ప్రత్యేకంగా ఆఫీసు ఎందుకు అని అడిగే రిజిస్ట్రార్లు ఈ అంకెను ఇంకోసారి చూడాలి. ఆఫీసు లేదు కాబట్టే పదిమంది లేరు.

కోర్టులు మాత్రం వ్యవస్థ కన్నా వేగంగానే నడిచాయి. రాసేటప్పుడు చెయ్యి కొంకర్లు పోయే సమస్య ఉన్న ఒక సివిల్స్ అభ్యర్థి కేసులో, స్క్రైబ్ కావాలంటే 40 శాతం వైకల్యం ఉండి తీరాలన్న షరతు చెల్లదని సుప్రీంకోర్టు 2021 ఫిబ్రవరిలో చెప్పింది. 2024 నవంబరులో రాజీవ్ రతూరి కేసులో, భవనాలు, సేవలు దివ్యాంగులకు అందుబాటులో ఉంచే ప్రమాణాలు ఉత్త సలహాలుగా మిగిలిపోతే కుదరదు, తప్పనిసరి చేయాలంది. ఆ కేసులో క్షేత్రస్థాయి పరిస్థితిని పరిశీలించి కోర్టుకు నివేదిక ఇచ్చింది మన హైదరాబాద్‌లోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయ దివ్యాంగ అధ్యయన కేంద్రమే. వినికిడి వైకల్యం మీద పనిచేసే అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రం, మేధో వైకల్యాల జాతీయ సంస్థ, రెండూ సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో ఉన్నాయి. ఇంత నైపుణ్యాన్ని ఊళ్లో పెట్టుకుని, క్లాసులో వినపడని విద్యార్థి ముందు సైన్ లాంగ్వేజ్ దుబాసీని నిలబెట్టడం ఎలాగో తెలియదంటే ఏమనాలి?

కట్టుబడి పనులకు మాత్రం కొరత లేదు. కాలేజీల నాణ్యతను మదింపు చేసే నాక్ గుర్తింపు దరఖాస్తులో దివ్యాంగులకు అనువైన వాతావరణం ఉందా అని ఒక ప్రశ్న ఉంటుంది. ర్యాంపు, లిఫ్టు, టాయిలెట్, స్క్రీన్ రీడింగ్ సాఫ్ట్‌వేర్, స్క్రైబ్, అన్నిటికీ రుజువులు పెట్టాలి, జియోట్యాగ్ ఫోటోలతో సహా. అందుకని ర్యాంపులొచ్చాయి. ఒక అడుగు ఎత్తుకు కనీసం పన్నెండు అడుగుల పొడవు ఉండాల్సింది, నాలుగైదు అడుగుల్లో ముగించేస్తే, వీల్‌చైర్ మీదున్న విద్యార్థిని ఇద్దరు పట్టుకుని పైకి నెట్టాలి, దిగేటప్పుడు నలుగురు కావాలి. దివ్యాంగుల టాయిలెట్‌కి తాళం, తాళంచెవి అటెండర్ దగ్గర, అటెండర్ క్యాంటీన్‌లో. ఫోటోకి ఇవేవీ కనపడవు కదా.

కంటికి కనపడని వైకల్యాల సంగతి ఇంకా అధ్వాన్నం. పాడేరు, అరకు వైపు గిరిజన కుటుంబాల్లో సికిల్‌సెల్ వ్యాధి ఉంది, చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో అదీ ఒకటి. నొప్పి మొదలైతే రోజుల తరబడి మంచం దిగలేని అమ్మాయికి 75 శాతం హాజరు ఎక్కడినుంచి వస్తుంది? ప్రతిసారీ మెడికల్ సర్టిఫికెట్, హాజరు తగ్గినందుకు కట్టే కండోనేషన్ ఫీజు, లెక్చరర్ ఎదుట సంజాయిషీ. చదవడం, రాయడం కష్టమయ్యే డిస్లెక్సియా ఉన్న కుర్రాడిని బద్ధకస్తుడంటారు. డిప్రెషన్‌లో ఉన్నవాడైతే నోరే విప్పడు. అమెరికా వెళ్లిన మన పిల్లలకు అక్కడ దాదాపు ప్రతి యూనివర్సిటీలో దీనికోసమే ఒక ఆఫీసు కనిపిస్తుంది. అక్కడ పేరు నమోదు చేసుకుంటే, ఈ విద్యార్థికి అదనపు సమయం ఇవ్వండి, నోట్స్ సాయం ఇవ్వండి అని ప్రొఫెసర్‌కి లేఖ వెళ్తుంది. జబ్బు పేరు అందులో ఉండదు. (అక్కడ కూడా మనవాళ్లు ఆ తలుపు తట్టడానికి జంకుతారు, వీసాకి ఏమవుతుందో, పెళ్లి సంబంధాలకి ఏమవుతుందో అని. ఆ భయం ఇక్కడినుంచి మోసుకెళ్లిందే.) అమెరికాలో అంతా గొప్పగా ఉందని కాదు, అక్కడా కోర్టుకెక్కినవాళ్లున్నారు. కానీ అడగడానికి ఒక చోటుంది, జవాబు చెప్పాల్సిన మనిషున్నాడు.

మనకి శ్రీకాంత్ బొల్లా కథ చెప్పుకోవడం ఇష్టం. మచిలీపట్నం దగ్గర పల్లెలో చూపు లేకుండా పుట్టి, ఇంటర్‌లో సైన్స్ చదవనివ్వకపోతే కోర్టుకెళ్లి గెలిచి, ఐఐటీ కోచింగ్ సెంటర్లు కాదంటే ఎంఐటీలో సీటు తెచ్చుకుని, తిరిగొచ్చి పరిశ్రమ పెట్టిన మనిషి. గర్వపడాల్సిందే. కానీ ఆ కథలో మన విద్యావ్యవస్థ వేషం ఏమిటో ఒకసారి ఆలోచించండి, అడుగడుగునా అడ్డం పడింది మనమే! కోర్టు ఖర్చు పెట్టుకోలేక సైన్స్ వదిలేసి దొరికిన గ్రూపులో చేరిన పిల్లల మీద ఎవరూ సినిమా తీయరు.

అందుకే మేం అడిగేది పెద్ద పథకాన్ని కాదు. ఇలాంటి విద్యార్థుల అవసరాలు చూడాల్సిన ఈక్వల్ ఆపర్చునిటీ సెల్ అని బోర్డు ఉన్న చాలాచోట్ల దాని బాధ్యత ఒక ప్రొఫెసర్‌కి అదనపు పని, ఆయనకున్న నాలుగు కమిటీల్లో అదొకటి. పూర్తికాలం కూర్చునే ఒక మనిషి కావాలి, విశ్వవిద్యాలయ బడ్జెట్‌లో విడిగా ఒక పద్దు కావాలి, అందులోంచి స్క్రైబులకు డబ్బులివ్వాలి. ప్రాక్టికల్స్‌కి వచ్చే ఎగ్జామినర్‌కి టీఏ, డీఏ ఇస్తున్నప్పుడు మూడు నాలుగు గంటలు కూర్చుని రాసే పిల్లకి బస్సు చార్జీ కూడా ఇవ్వకపోవడం సిగ్గుచేటు. అనుబంధ కాలేజీలు, ముఖ్యంగా ప్రైవేటువి, ఇది మాకు వర్తించదని తప్పించుకోకుండా అఫిలియేషన్ షరతుల్లోనే రాయాలి. గుర్తింపు పొందిన ప్రతి విద్యాసంస్థలోనూ తగిన సదుపాయాలు ఉండేలా చూసే బాధ్యతను చట్టంలోని 16వ సెక్షన్ ప్రభుత్వాల మీదే పెట్టింది.

ఇందులో మొదటి అడుగుకి కొత్త జీవో కూడా అక్కర్లేదు. రెండు తెలుగు రాష్ట్రాల ఉన్నత విద్యామండళ్లు విశ్వవిద్యాలయాలకు ఒక సర్క్యులర్ పంపితే చాలు. పరీక్ష ఫీజు కట్టించుకునేటప్పుడే దరఖాస్తులో ఒక గడి పెట్టండి: స్క్రైబ్ కావాలా, కంప్యూటర్ కావాలా, ఏ భాషలో, ఏ పేపర్లకు. ఫీజు గడువుకీ మొదటి పరీక్షకీ మధ్య వారాల సమయం ఉంటుంది. ఆ వారాల్లో మనిషిని వెతికే పని పరీక్షల కంట్రోలర్ ఆఫీసు చేయాలి.